జ్యా శబ్దము - వృత్తము

సైన్, కొసైన్ అను పేర్లు మన విద్యార్థులకు లంబకోణ త్రిభుజముతో పరిచయమగుచున్నవి. ఎదుటి భుజమును కర్ణముచే భాగింపుమన్న సూత్రమును వారు వల్లింతురు. కోణము 90 డిగ్రీలు దాటినంతనే ఆ త్రిభుజము మాయమగును. వల్లింపు మాత్రము మిగులును. ఈ పదముల చరిత్రను పరిశీలించినచో అవి పుట్టినది త్రిభుజమున గాదు, వృత్తమున.

వృత్తఖండమునకు చాపమనియు, దాని కొనలను గలుపు రేఖకు జ్య యనియు, ఆ రెంటి నడుమ నిలుచు రేఖకు శరమనియు మన ప్రాచీనులు పేరిడిరి. జ్య యనగా అల్లెత్రాడు. రెండవ శతాబ్దపు టాలెమీ నిండు త్రాటిని లెక్కించెను. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయము అందు సగమును గ్రహించినది. అది అర్ధజ్య, వాడుకలో జ్యయే నిలిచినది. పరిధిని 21600 కలలుగా విభజించినచో వ్యాసార్ధము సుమారు 3438 కలలగును. ఆ కొలతలో 30 డిగ్రీల జ్య 1719, సరిగా సగము.

జ్యకు పర్యాయమగు 'జీవా'ను అరబ్బులు 'జీబా' యనిరి. అచ్చులు విడిచి వ్రాయు ఆ లిపిలో అది 'జైబ్' అని చదువబడినది. వస్త్రమున ఱొమ్ముకడ మడత యని దాని యర్థము. 12వ శతాబ్దమున లాటిను అనువాదకులు దానిని 'సైనస్' అనిరి. మన తెలుగు 'జేబు' పారసీ, ఉర్దూల మీదుగా వచ్చిన ఆ జైబే! చొక్కాకు జేబు, లెక్కకు సైన్ - రెండును ఒక్క గూటివే.

కొసైన్‌లోని 'కో' మన 'కోటిజ్య'లోని 'కోటి'యే యని కొందరందురు. అది పొరపాటు. పూరకకోణపు సైనస్ అను లాటిను మాటకు 1620లో ఎడ్మండ్ గుంటర్ చేసిన కుదింపది. అర్థమున మాత్రము రెండును ఒకటే.

వ్యాసార్ధమును 1గా గైకొను పద్ధతి 1748లో ఆయిలర్ గ్రంథముతో స్థిరపడినది. నల్లచెరువు ప్రాంతపు రాగి కళ్లము నొకదాని నూహింతము. నడిమి గుంజకు కట్టిన ఎద్దు త్రాటిని బిగువుగా లాగుచు, తూర్పున బయలుదేరి ఉత్తరముగా తిరుగుచున్నది. త్రాటి పొడవు 1. 30 డిగ్రీలు తిరిగినపుడు అది గుంజకు ఉత్తరముగా 0.5, తూర్పుగా 0.866 దూరమున నుండును. మొదటిది సైన్, రెండవది కొసైన్. వీనిని 3438చే గుణించినచో ఆర్యభటుని 1719, సుమారుగా 2978 లభించును. 120 డిగ్రీలకడ ఎద్దు పడమటి వైపునకు పోయినది; ఉత్తరపు దూరము 0.866, తూర్పు దూరము ఋణము 0.5. ఇచ్చట కొత్త సూత్రమేదియు అక్కరలేదు. త్రాడు అదే, గుంజ అదే.