ఒకే వీథిలోని మాటలు

మనలిలో 1966లో స్థాపితమైన మద్రాసు ఫెర్టిలైజర్సు వాకిలి మీదుగా పోవుచుండగా మా మనుమడు మమ్మొక ప్రశ్న వేసెను. "తాతయ్యా, మాన్యూర్, మాన్యువల్, మాన్యుస్క్రిప్టు అన్నీ ఒకలాగే మొదలవుతాయి కదా! అర్థాలు వేరెందుకు?"

గుమాస్తా పనిలో జీవితమును గడపితిమి గాని, ఈ సందేహము మాకెన్నడును కలుగలేదు. ఇంటికి వచ్చి నిఘంటువులు తిరుగవేసితిమి. లాటిను భాషలో 'మానుస్' అనగా చేయి. మాన్యువల్ చేతి పుస్తకము, మాన్యుస్క్రిప్టు చేవ్రాత. మాన్యూర్ అనుమాట తొలుత చేతులతో భూమిని సేద్యము చేయుటకు చెల్లి, పిదప పొలమున వేయు ఎరువునకే పేరైనది. న్యాయస్థానముల మాండమస్ సైతము ఈ చేతి వంశములోనిదే. కాని వీని నడుమనే మాంగో కూర్చున్నది. అది మన దక్షిణదేశపు 'మాంగాయ్'. పోర్చుగీసువారి నోట పడి సీమకు పోయినది. చీనా అధికారులకు చెల్లిన మాండరిన్ అను పేరు మన 'మంత్రి'యే. మేము ఏండ్ల తరబడి కాగితములు పెట్టి కట్టిన మానిలా అట్టలకు ఫిలిప్పీను నగరము పేరు వచ్చినది. పొరుగువారందఱును బంధువులు కారు గదా!

ఈ పొరుగు అకారాది క్రమము వలన వచ్చినది. అమరకోశమును, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును అర్థమును బట్టి వర్గములుగా కూర్చబడిన పద్యకోశములు. కంఠస్థము చేయుటకై పుట్టినవి. మామిడి వెంకయ్యగారు 1806లో ఆంధ్రదీపికను అక్షరక్రమమున కూర్చిరి. 1817లో మద్రాసు చేరిన బ్రౌను దొర, కడపలో స్వంత ధనముతో పండితులను పోషించి, 1852లో తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ఈ మద్రాసులోనే అచ్చువేయించెను. ఆయన శ్రమకు మనమెంత ఋణపడియున్నను తక్కువే.

ఆ గ్రంథమును మనుమని చేతికిచ్చితిమి. ఇంగ్లీషు తడుముకొనక చదివెను. తెలుగు మాట రాగానే వ్రేలు నిలిపి, "ఇది మీరు చదవండి" అనెను. వాని బడిలో అరవమును ఇంగ్లీషును మాత్రమే కలవు. తప్పు వానిది కాదు, మాది.

అప్పుడు బాండేజి పక్కన నుండు బాండికూట్ అను మాటను చూపి, అది మన తెలుగు 'పందికొక్కు' అని చెప్పితిమి. వాడు నవ్వి, పలక లేదు గనుక పాత క్యాలెండరు వెనుక వ్రాసెను. కకారము క్రింద వత్తు విడిచెను. పెట్టించితిమి.