అతుకు తెలియని చిత్రము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ స్టూడియోలలో పెండ్లి ఆల్బములు నేడు కంప్యూటరుపై కూర్చబడుచున్నవి. వధూవరులు, మండపము, పూదోట ఒకే పుటలో అతుకు తెలియకుండ కలిసిపోవును. ఈ విద్య క్రొత్తది కాదు. 1858లో ఇంగ్లండున హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగటివులను కలిపి, మరణశయ్యపై నున్న బాలిక చిత్రమును సృష్టించెను. చూపరులు కలతచెందిరి, ఆ బాలిక నిజమునకు ఆరోగ్యవంతురాలే!

1990లో ఫోటోషాప్ వెలువడెను. 1994లో దానికి పొరలు చేరినవి. పై పొరకు తొడిగిన మాస్కులో తెలుపున్నచోట ఆ చిత్రము పూర్తిగా కనబడును, నలుపున్నచోట మరుగుపడును; నడుమ బూడిదరంగు క్రమముగా మారినచో రెండు చిత్రములు పాళ్ళ ప్రకారము కలియును. అతుకు మాయమగుట ఇందువలననే.

కాలము చేసిన తాతగారిని గూడ మనుమరాలి పెండ్లిలో ఇట్లు నిలుపవచ్చును. ఆ పుట ఆప్యాయతకు గుర్తు. సాక్ష్యము మాత్రము కాదు.