మైలేజీ ఎవరి పేరు మీద రాయాలి?

మైళ్ళు పోయి అరవై ఏళ్ళు దాటింది కానీ మైలేజీ అన్న మాట మాత్రం పోలేదు. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చాక మెల్లమెల్లగా మైళ్ళు కిలోమీటర్లయ్యాయి, గ్యాలన్లు లీటర్లయ్యాయి. పాతవాళ్ళు గ్యాలనుకు 14 మైళ్ళు అంటే, మన లెక్కలో లీటరుకు దాదాపు 5 కిలోమీటర్లు.

మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఈ లెక్క విడవకుండా రాస్తూ వచ్చింది కార్లున్నవాళ్ళు కాదు, బస్సు డిపోలు. 1932 జూన్‌లో నిజాం రైల్వేకి అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకు రేషన్ పెట్టారు. అప్పుడు దేశంలో చాలా బస్సులకు వెనకాల బొగ్గుల పొయ్యి బిగించి, ఆ గ్యాసుతో నడిపారు. మన కుంపటి లాంటిదే! రాజేసి, విసిరి, అది అందుకున్నాకే బండి కదిలేది. ఎత్తు వస్తే దిగి నెట్టాల్సి వచ్చేదట.

1958లో ఆర్టీసీ ఏర్పడింది. 1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చి, 3 డాలర్ల బ్యారెల్ కొద్ది నెలల్లోనే 12 డాలర్ల దగ్గరికి చేరింది. చుక్క చుక్కా లెక్కపెట్టే రోజులవి. 1978లో కేంద్రం ఇంధన పొదుపు కోసమే పీసీఆర్ఏ అనే సంస్థను పెట్టింది. కారు 45-55 కిలోమీటర్ల వేగంతో నడపండి, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపండి, టైర్లలో గాలి చూసుకోండి అని మనం వినే మాటలు అక్కడివే.

డిపో పద్ధతి చాలా సులువు. డ్యూటీ దిగిన బస్సుకు ట్యాంకు నిండా డీజిల్ పడుతుంది. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే కేఎంపీఎల్. అది డ్రైవరు పేరు మీద రాస్తారు. రోజుకు 400 కిలోమీటర్లు తిరిగే బస్సు లీటరుకు 5 ఇస్తే 80 లీటర్లు, 5.2 ఇస్తే 77 లీటర్లు తాగుతుంది. అలాంటివి వంద బస్సులుంటే రోజుకు 300 లీటర్లు మిగిలినట్టే. అందుకే ఎక్కువ తెచ్చినవాళ్ళకు మెచ్చుకోలు, తక్కువ తెచ్చినవాళ్ళకు శిక్షణ.

నాకు ఇక్కడే ఒక పేచీ ఉంది. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కే బస్సునూ, రాజీవ్ రహదారి మీద సాఫీగా పోయే బస్సునూ ఒక గీత మీద నిలబెడితే ఎట్లా? ఘాటూ, పాత ఇంజనూ, ఊరూరా ఆగడమూ డ్రైవరు చేతిలో ఉన్నవి కావు కదా. అదే రూటు, అదే రకం బస్సు అయితేనే పోలిక.

మా ఇంట్లో పంచాయితీ కూడా ఇదే. "నేను నడిపితే 18 వస్తది, నువ్వు నడిపితే 14 దాటది" అని మా ఆయన. ఆయన నడిపేది హైదరాబాద్ దారిలో. నాది పొద్దున బడి, తర్వాత టవర్ సర్కిల్ దగ్గర సరుకులు, సాయంత్రం ట్యూషన్. రెండేసి కిలోమీటర్ల ముక్కలు. ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తాం. చల్లని ఇంజన్ ఎక్కువ తాగుతుంది, ఎవరు నడిపినా సరే.

పాల లెక్క రాసే పుస్తకంలోనే ఓ పేజీ తీశాను. ట్యాంకు నిండా కొట్టించి కిలోమీటర్లు రాయడం, మళ్ళీ అదే బంకులో నిండా కొట్టించినప్పుడు తేడాను లీటర్లతో భాగించడం. ఒక్కసారి చూసి నమ్మకండి, పంపు ఎక్కడ ఆగిందన్న దాన్ని బట్టి లీటరు అటూ ఇటూ అవుతుంది. నాలుగైదు సార్లు కలిపి చూడాలి. ఒక నెల ఆయన ఊళ్ళో తిప్పారు, హైదరాబాద్‌కు రెండుసార్లు నేను తీసుకెళ్ళాను. ఆయనకు 14.3 వచ్చింది, నాకు 17.6. ఆ పేజీలో ఇప్పుడు పేర్లు లేవు, "ఊళ్ళో", "రోడ్డు మీద" అని రెండు గడులున్నాయి.