చివరి రోజు సంభావన

శ్రీశైలం నుంచి నంద్యాల మీదుగా ఆళ్లగడ్డ, అహోబిలం దాకా నల్లమల అంచున సాగే నేల 2022 ఏప్రిల్ 4 నుంచి ఒకే జిల్లా. వేషం కట్టి, ఎదుటివాణ్ణి కాసేపు నమ్మించి, ఆపైన నవ్వించే విద్య మాత్రం ఇక్కడ చాలా పాతది. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం చేరే జనాన్ని వర్ణించినప్పుడు నాటకాలాడేవాళ్ళను, బహురూపాలు కట్టేవాళ్ళను, బొమ్మలాడించేవాళ్ళను కూడా మరిచిపోలేదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని నంద్యాల పాలకుడు కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. ఆ కావ్యంలో కథంతా చిక్కుపడేది ఒకరి రూపం మరొకరు ధరించడం వల్లే. ఇవాళ పిల్లలు ఫోన్లలో చూసే గేమింగ్ ప్రాంక్ వీడియోలు వాళ్ళకు తగునా తగవా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఇది కొత్త ప్రశ్న అనుకోవడం వల్లే జవాబు దొరకడం కష్టమవుతోందని నా అభిప్రాయం. మనుషుల్ని బోల్తా కొట్టించి నవ్వించేవాళ్ళు వీధిలోకి వచ్చిన ప్రతి తరంలోనూ పెద్దవాళ్ళు ఇదే ప్రశ్న ఎదుర్కొన్నారు. వాళ్ళు దాన్ని పుస్తకం రాసి కాదు, ఒక ఆచారంతో తేల్చుకున్నారు.

ఆ ఆచారం పగటివేషాలది. దానికి రంగస్థలం లేదు, తెర లేదు, టికెట్టు లేదు. బుడగ జంగాల వంటి సంచార కుటుంబాల వాళ్ళు సుగ్గి ముగిసి ఇళ్ళలో గింజలుండే కాలం చూసి ఊళ్ళకు వచ్చేవారు. కుందూ నది పక్కన వరి పండే ఊళ్ళకూ, నల్లరేగడిలో జొన్న, పత్తి పండే ఊళ్ళకూ సంక్రాంతి తర్వాతి వారాలే తీరిక. అహోబిలం నరసింహస్వామి పారువేట అనే వేట ఉత్సవానికి బయలుదేరేదీ కనుమ నాడే. చెంచులక్ష్మిని పెళ్ళాడిన స్వామి నలభై రోజులకు పైగా పల్లకీలో ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతాడు. వేషగాళ్ళు ఊరి బయట దిగి రోజుకొక వేషం కట్టేవారు. ఒకనాడు సోమయాజులు, సోమిదేవమ్మ, ఒకనాడు ఫకీరు, ఒకనాడు సింగీ సింగడు, ఒకనాడు పోలీసు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. పట్టపగలు, అందరూ పనుల్లో ఉన్న వేళ, నిజం మనిషిలాగే నడిచివచ్చి గుమ్మం ముందు నిలబడటంలోనే వాళ్ళ నేర్పంతా ఉంది. వేషం ఎంత బాగా కుదిరితే, చూసినవాడు అంత గట్టిగా నమ్మేవాడు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే అది ప్రాంకే.

అయితే ఆ ప్రాంక్‌కు ఒక చివరి రోజు ఉండేది. వేషాలన్నీ అయ్యాక, చాలాచోట్ల అర్ధనారీశ్వర వేషంతో ముగించి, వాళ్ళు తామెవరో చెప్పుకొని ఇంటింటికీ వచ్చి సంభావన అడిగేవారు. బియ్యమో జొన్నలో, పాత బట్టలో, నాలుగు డబ్బులో పెట్టేవారు. ఈ పద్ధతిని దానధర్మంగా మాత్రమే చూస్తే అసలు సంగతి జారిపోతుంది. నాలుగు రోజుల కిందట పోలీసు వేషానికి హడలిపోయినవాడే ఇప్పుడు చేట పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇవ్వాలో వద్దో, ఎంత ఇవ్వాలో వాడి ఇష్టం. మళ్ళీ ఏడు అదే కుటుంబం అదే ఊరికి రావాలి. కాబట్టి వేషగాడు ఎవరినైనా బోల్తా కొట్టించవచ్చు కానీ ఎవరి మనసునూ విరగ్గొట్టలేడు. విరగ్గొడితే ఆ గుమ్మం ముందు చేట ఖాళీగా ఉంటుంది. మోసపోయినవాడి చేతి నుంచే కూలి రావడం ఈ విద్యకు పడ్డ పగ్గం. సెన్సారు బోర్డు చేయలేని పని అది చేసింది.

పాత కాలమంతా బంగారమని చెప్పడం నా ఉద్దేశం కాదు. పగటివేషాల్లో బ్రాహ్మణుణ్ణి, కోమటిని, లంబాడీని, ఎరుకల స్త్రీని ఎగతాళి చేసే ఘట్టాలు చాలా ఉండేవి. వాటిలో కొన్ని కులాన్ని బట్టి మనిషిని తక్కువ చేసేవే. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఆడే హాస్యంలో బూతు పాలు తక్కువేమీ కాదు, పైగా ముందు వరసలో కూర్చునేది పిల్లలే. అంటే మన పెద్దలు బూతు మాట వినపడిందని ఆటను ఆపలేదు. పిల్లవాడి పక్కన తల్లి ఉంది, అవ్వ ఉంది, నవ్వకూడని చోట నవ్వితే తల మీద మొట్టేవాళ్ళు ఉన్నారు. ఎగతాళిలోని అన్యాయాన్ని ఈ కాపలా పూర్తిగా సరిచేయలేదని ఒప్పుకోవాలి. సంభావన పెట్టే స్తోమత లేని కులాల మీద వేసిన వెటకారానికి పగ్గం వదులుగా ఉండేది, ఎందుకంటే అక్కడ వేషగాడికి పోయేదేమీ లేదు. ఈ లోపం కూడా మనకు సాక్ష్యమే. బాధపడ్డవాడి చేతిలో ఏ శక్తీ లేనప్పుడు నవ్వు ఎటు తిరుగుతుందో అది చూపిస్తుంది.

ఇప్పుడు వీడియోల దగ్గరికి రండి. తెలుగు పిల్లలకు బాగా తెలిసిన ఫ్రీ ఫైర్ ఆటనే తీసుకుంటే, ఆరితేరిన ఆటగాడు ఏమీ రాని నూబ్‌లా నటించి, తోటివాళ్ళు వెక్కిరించాక చివర్లో తన అసలు ఆట చూపించడం ఒక రకం ప్రాంక్. ఇది పగటివేషానికి దగ్గరి చుట్టం. ఇందులో వేషం విప్పే ఘడియ ఉంది, నవ్వు వెక్కిరించినవాడి గర్వం మీదికి పోతుంది. వాయిస్ ఛేంజర్‌తో ఆడగొంతు పెట్టి అవతలి కుర్రాణ్ణి మాటల్లోకి దించి, వాడు నమ్మి చెప్పిన మాటలను లక్షల మందికి వినిపించడం ఇంకో రకం. ఆటలో డబ్బులా చెల్లే డైమండ్లు ఇస్తానని ఆశపెట్టి ఏడిపించడం, దిమ్మెలతో కట్టడాలు కట్టుకునే మైన్‌క్రాఫ్ట్‌లో ఎవరో నెలల తరబడి కట్టుకున్న ఇంటిని పేల్చేసి వాళ్ళ అరుపులను రికార్డు చేయడం మరో రెండు. వీటిలో బాధపడ్డవాడు పదేళ్ళవాడు కూడా కావచ్చు. వీడియోకు వచ్చే డబ్బు వాడి నుంచి రాదు. ఎక్కడో ఉన్న ప్రేక్షకుల చూపుల నుంచి, ప్రకటనల నుంచి వస్తుంది. వాడు ఎంత గట్టిగా ఏడిస్తే చూపులు అంత పెరుగుతాయి. చేట పట్టుకుని నిలబడే మనిషి ఈ లెక్కలోంచి తప్పుకున్నాడు. పగటివేషానికీ గేమింగ్ ప్రాంక్‌కూ తేడా సాంకేతికతలో కంటే ఇక్కడే ఎక్కువ ఉంది.

కాబట్టి తల్లిదండ్రులు ముందుగా రక్తం ఉందా, తుపాకీ ఉందా అని వెతకడం సగం పనే. యూరప్‌లో ఆటలకు వయసు నిర్ణయించే పెగి సంస్థ మైన్‌క్రాఫ్ట్‌కు 7 అనీ, జీటీఏ ఫైవ్‌కు 18 అనీ ముద్ర వేసింది. ఆ ముద్ర ఆటకు వేసింది, ఆ ఆటలో ఎవరో తీసిన ప్రాంక్‌కు కాదు. ఏడేళ్ళవాడికి తగిన దిమ్మెల ఆటలోనే పెద్దవాళ్ళు కూడా చూడకూడనంత క్రూరమైన ప్రాంక్ తీయవచ్చు. మన దేశంలో 2021 నాటి ఐటీ నిబంధనలు ఓటీటీ సినిమాలకు, సిరీస్‌లకు 7+, 13+, 16+ అని వయసు గుర్తులు పెట్టించాయి. ఎవరికి వారు తీసి పెట్టుకునే వీడియోలకు ఆ గుర్తులు వర్తించవు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అది మేలే, కానీ వీడియోలో ఏముందో ఆ చట్టం చూడదు. ధ్రువపత్రం లేని వినోదాన్ని ఇంట్లోవాళ్ళే తూచుకోవలసి రావడం పగటివేషాల నాటి స్థితే. అప్పుడు సాయంగా ఉన్న ఊరు ఇప్పుడు లేదు.

"ఆటే కదా, ఎవరికి దెబ్బ తగిలింది" అనేది గట్టి అభ్యంతరమే. తెర మీద కూలింది నిజం ఇల్లు కాదు, నిజమే. కానీ కట్టడానికి పట్టిన సెలవు రోజులు నిజమైనవి, హెడ్‌సెట్‌లో వినపడే ఏడుపు నిజమైనది. 2017లో అమెరికాలోని మేరీలాండ్‌లో డాడీఓఫైవ్ అనే ఛానల్ నడిపిన తల్లిదండ్రులు తమ పిల్లల మీదే ప్రాంక్‌లు తీసి, ఆ పిల్లల్లో ఇద్దరి సంరక్షణను పోగొట్టుకున్నారు, కోర్టులో శిక్షా పడింది. అదంతా నటన అని వాళ్ళు చెప్పుకున్నా లాభం లేకపోయింది. 2019 జనవరిలో యూట్యూబ్ తన నియమాలను స్పష్టం చేస్తూ, తీవ్రమైన శారీరక ప్రమాదం ఉందని ఎదుటివాణ్ణి నమ్మించే ప్రాంక్‌లను, పిల్లలకు తీవ్రమైన మానసిక వేదన కలిగించే ప్రాంక్‌లను ఒప్పుకోమని చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం టిక్‌టాక్ కేసులో, తెలియని మనుషులను బోల్తా కొట్టించి చిత్రించి నవ్వులపాలు చేయడం వాళ్ళ ఏకాంతానికి భంగమని అంది. గుమ్మంలోని చేట చేసిన పనిని ఇప్పుడు కోర్టులూ కంపెనీలూ ఆలస్యంగా, అరకొరగా చేస్తున్నాయి.

"పిల్లలకు అదంతా స్క్రిప్టే అని తెలుసు" అనేది రెండో అభ్యంతరం. పెద్ద పిల్లలకు తెలియవచ్చు. కానీ నటించిన ప్రాంక్‌ను నిజమని చూపించే వీడియో, వేషం విప్పకుండానే ఊరు దాటిన వేషగాడి పని చేస్తోంది. అందులో ఏడ్చినట్టు నటించినవాడు మరుక్షణం నవ్వుతాడు. దాన్ని చూసిన పిల్లవాడు బడిలో తోటివాడి మీద అదే ప్రయత్నిస్తే, అక్కడి ఏడుపుకు మరుక్షణం నవ్వు రాదు. ఇక మూడోది, "ఫోనే లాక్కుంటే పోలా" అనే మాట. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీని నిషేధించింది, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను. ఆటలు పోయినా వాటి మీద తీసిన వీడియోలు పోలేదు, పిల్లలు వేరే ఆటకు, వేరే ఛానల్‌కు మారారు. మాయోపాయం ఉందని పెద్దలు ఏ ఆటనూ పిల్లలకు దూరం చేయలేదు కూడా. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం తొలి ప్రదర్శన కీచకవధ. అందులో భీముడు ద్రౌపది వేషంలో కీచకుణ్ణి బోల్తా కొట్టిస్తాడు. పిల్లలతో సహా కుటుంబాలు తరలివచ్చి చూసిన కథ అది. ఒక స్త్రీని వేధించిన బలవంతుడి మీద వేసిన ఎత్తు కాబట్టి దాన్ని చూసి ఎవరూ పిల్లల కళ్ళు మూయలేదు.

అందుకే ఏ ఛానల్ మంచిది, ఏది చెడ్డది అని పట్టిక ఇవ్వడం కంటే ఒక వీడియోను చివరిదాకా పిల్లలతో కూర్చుని చూడమనడమే నాకు సరైన దారిగా తోస్తోంది. వీడియో ముఖచిత్రం మీద ఎర్ర బాణాలు, మొదటి నిమిషంలో కేకలు ఉంటాయి. వాటిని బట్టి ఏమీ తేలదు, చివరి రెండు నిమిషాల్లో తేలుతుంది. అవతలి ఆటగాడికి సంగతి చెప్పారా, వాడు నవ్వాడా, పోగొట్టుకున్నది తిరిగి ఇచ్చారా, వాడి పేరో గొంతో వాడి ఇష్టంతోనే ఉంచారా చూడాలి. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు వేషానికీ నిజానికీ గీత ఇంకా గట్టిపడదు. వాళ్ళకు వేషం విప్పని వీడియో వద్దనే అంటాను, ఆటలో తుపాకీ లేకపోయినా సరే. పన్నెండు, పదమూడేళ్ళ వాళ్ళతో వాదించవచ్చు, వాళ్ళే తీర్పు చెప్పేలా వదలవచ్చు. వీడియో అయ్యాక వాళ్ళను అడగవలసింది ఒక్కటే: ఇందులో మోసపోయినవాడి ఇంటి ముందుకు ఈ వేషగాడు రేపు సంభావనకు వస్తే, వాడు చేటతో గింజలు పెడతాడా? పెట్టడని పిల్లలు చెబితే, ఎందుకు పెట్టడో కూడా వాళ్ళ నోటే చెప్పించి, తర్వాతి వీడియో ఏది పెట్టాలో అప్పుడు కలిసి ఎంచుకోవచ్చు.