జూన్‌తో ముగిసే లెక్కలు

2007లో మెల్‌బోర్న్‌లో దిగేనాటికి మా పాపకి రెండేళ్లు. విజయవాడలో పదేళ్లు టాలీ కొట్టిన చేతులు నావి. ఇక్కడ అందరూ ఎమ్‌వైఓబీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు. డెబిట్లూ క్రెడిట్లూ అవే. మనం మార్చి 31న పుస్తకాలు మూస్తే, వీళ్లు జూన్ 30న మూస్తారు.

అప్పట్లో ఆస్ట్రేలియా తనకి కావాలనుకున్న వృత్తుల జాబితాలో అకౌంటెంటూ ఉండేవాడు. సీపీఏ ఆస్ట్రేలియా లాంటి సంస్థ మన డిగ్రీ సబ్జెక్టులు చూసి సరేనంటే వీసాకి దారి దొరికేది. వాళ్లిచ్చిన కాగితం ఉద్యోగానికి పనికిరాదని వచ్చాక తెలిసింది. ఏ ఏజెన్సీకి వెళ్లినా ఒకటే ప్రశ్న: "లోకల్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?"

"ఎవరూ ఇవ్వకపోతే ఎక్కడ్నించి వస్తుందండీ?" అంది మా ఆవిడ. ఆ మాట ఇంటర్వ్యూలో అనలేకపోయాను.

చివరికి అన్నం పెట్టింది ఇక్కడి జీఎస్టీ. 2000 జూలై 1న అది వచ్చాక చిన్న వ్యాపారులు చాలామంది మూడు నెలలకోసారి 'బ్యాస్' అనే పన్ను లెక్కల పత్రం దాఖలు చెయ్యాల్సి వచ్చింది. ఒక పండ్ల కొట్టాయన అట్టపెట్టె నిండా రసీదులు నా ముందు పెట్టాడు. తాజా పండ్లకి పన్ను లేదు, కూల్‌డ్రింకులకి 10 శాతం. వాటిని వేరుచేస్తుంటే మా పాప ఆ కాగితాల మీదే పడుకునేది.

2010 ఫిబ్రవరిలో ఆ వృత్తుల జాబితానే ఎత్తేశారు. అదే నెలలో పాప బళ్లో చేరింది.