ఇచిజోదాని దుర్గము
జపాన్ దేశమున నేటి ఫుకుయి నగరమునకు ఆగ్నేయదిశయందలి ఇరుకైన లోయలో, పూర్వపు ఎచిజెన్ ప్రాంతాధిపతులగు అసకురా వంశీయులు ఐదు తరములపాటు రాజధానిగా జేసికొని యేలిన స్థలము ఇచిజోదాని. ఓనిన్ యుద్ధకాలమున అసకురా తకకగె వృద్ధిపఱచిన ఈ పట్టణము, క్యోటో నగరము సమరాగ్నికి ఆహుతియైనపుడు అచ్చటి పండితులకును, కళావేత్తలకును, కడకు 1567లో షోగన్ పదవిని గోరి తిరుగుచుండిన అషికాగా యొషియాకికిని ఆశ్రయమొసగి, రసజ్ఞతకు నిలయమై వర్ధిల్లెను. అయినను, దీనిని కాచుటకై ఎంతో శ్రద్ధతో కందకములు త్రవ్వి బలపఱచిన కొండకోట తుదిపోరున అక్కఱకు రానేలేదు. 1573లో ఓడా నొబునాగా చేత ఓడిన అసకురా ప్రభువగు యొషికగె లోయను విడిచిపోయి, ఓనో అను చోట ఆత్మహత్య గావించుకొనగా, శత్రుసైనికులు పట్టణమును దగ్ధము చేసిరి. పిమ్మట పాలనాకేంద్రము కితనొషో అను చోటికి తరలిపోవుటచే శిథిలములు పొలముల క్రింద మఱుగుపడెను. ఆ విస్మృతియే వానిని కాపాడినదనుట నిజము. 1967లో ఆరంభమైన త్రవ్వకములలో సామంతుల నివాసములేగాక సామాన్యుల వీధులును, బావులును, పనిముట్లును బయల్పడెను; మధ్యయుగపు జపాన్ పట్టణజీవనమును ఇంత సమగ్రముగా జూపు స్థలములు మిక్కిలి అరుదు. 1971లో ప్రభుత్వము దీనిని విశేష చారిత్రక స్థలముగా ప్రకటించెను.