పొయ్యి దాటిన రొట్టె

ఆంధ్ర సరిహద్దున, బళ్లారి దాపునున్న హాలహర్వి వైపు జొన్నరొట్టె వయసు వేరు, రొట్టెల అంగడి వయసు వేరు. రొట్టెది తరతరాల లెక్క. అంగడి మా తరం కళ్లెదుట పుట్టింది. ప్రతి ఇంటి పొయ్యి మీదా రొట్టె కాలినన్ని రోజులూ దాన్ని కొనాలని ఎవరికీ తోచలేదు. ఇళ్లలో కాలడం తగ్గినాకే అంగడి పొయ్యి రాజుకుంది. కాబట్టి అంగడి కథ చెప్పాలంటే ముందు గింజ దగ్గరికి పోవాలి.

జొన్న మన గింజ కాదంటే మా వైపు పెద్దలు ఒప్పుకోరు. నల్లరేగడితో అంత కలిసిపోయింది. కానీ దాని పుట్టిల్లు ఆఫ్రికా. తూర్పు సూడాన్‌లో కసలా పట్టణం దాపున పాత కుండ పెంకుల్లో జొన్న పొట్టు అచ్చులు దొరికాయి. వాటిని బట్టి అక్కడివాళ్లు 5,000 ఏళ్ల కిందటే దాన్ని సాగు చేసుకున్నారని తేల్చారు. మన దేశం చేరింది ఆ తర్వాత, సుమారు 4,000 ఏళ్ల కిందట. జొన్న ఇటు రాకముందు ఈ చుట్టుపక్కల ఏం తినేవాళ్లో తెలియాలంటే బళ్లారి దాకా పోతే చాలు. ఊరిని ఆనుకునే సంగనకల్లు గుట్టలున్నాయి. కొత్తరాతియుగం మనుషులు బతికిన చోటు. అక్కడి మట్టిని నీళ్లలో దేవి చూస్తే అండుకొర్రలు, అడవికొర్ర జాతి గింజలు, ఉలవలు, పెసలు మాడి మసై దొరికాయి. గింజలు నూరీ నూరీ బండల మీద పడిన గుంతలు ఇప్పటికీ కనిపిస్తాయి. జొన్న వచ్చేనాటికి దాన్ని పిండి చేసే రాయి ఈ నేల మీద అరిగి ఉంది.

రాజుల వంటలైతే పుస్తకాలకెక్కాయి. కల్యాణి చాళుక్యుడు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన ‘మానసోల్లాసం’లో దోసకం, మండకం లాంటి పిండివంటలున్నాయి. చేనిగట్టున రొట్టె, ఉల్లిగడ్డ, కారం తిన్నవాళ్ల సంగతి పుస్తకాలకెక్కే సంగతి కాదు. ఈ రొట్టె చరిత్రను నేల నుంచీ కరువుల నుంచీ ఏరుకోవాల్సిందే.

నేల సంగతి ఇది. రేగడి వానాకాలమంతా నీళ్లు తాగి దాచుకుంటుంది. పంటకు ఆ దాచుకున్న తేమే ఆధారం. వానలు వెనకబట్టినాక విత్తిన జొన్న మంచుకాలమంతా ఆ తేమతోనే పెరిగి, ఎండలు ముదిరేలోపు కోతకొస్తుంది. వానలో తడవని కంకి కాబట్టి గింజ తెల్లగా, మెరుపుగా ఉంటుంది. రొట్టెకు ఈ గింజే కావాలి. వానాకాలపు పంట మీద వాన పడిందా, గింజకు బూజు పట్టి నల్లబడుతుంది, రొట్టె చేదెక్కుతుంది. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం ఈ తెల్లజొన్నల మీదే ఏళ్ల తరబడి పనిచేసి ‘నంద్యాల తెల్లజొన్న’ పేరుతో వరసగా రకాలు తెచ్చింది. మనుషులు గింజ తింటే, పశువులకు చొప్ప. మా వైపు రైతు జొన్న వేయడంలో సగం లెక్క ఎద్దులదే.

ఇక కరువు. 1876-78 నాటి పెద్ద కరువులో బళ్లారి జిల్లా దారుణంగా దెబ్బతింది. అప్పటికి ఆలూరు, ఆదోని తాలూకాలు ఆ జిల్లాలోవే. కరువు పనులకు పోయినవాళ్లకు 1877 జనవరిలో ప్రభుత్వ కరువు ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. మద్రాసు పారిశుధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఆ కొలతతో మనిషి బతకడని వాదించాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. మా వైపు చేయి వాటం ప్రకారం నాలుగో ఐదో రొట్టెలు. పొద్దస్తమానం రాళ్లు కొట్టినవాడికి అవే పొద్దుటికీ రాత్రికీ. వైద్యుడి లెక్క అర్థం కావడానికి మా అవ్వలకు వైద్యం చదవాల్సిన పనిలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటొచ్చాయి. బళ్లారి మైసూరుకు పోయింది. హాలహర్వికి సంతా సరుకూ బళ్లారిలోనే, సరిహద్దు మాత్రం మధ్యలో. రొట్టె పక్కన తినేవాటిలో ఈ గీత కనపడదు. పుండికూర, గుత్తివంకాయ, గురెళ్ల పొడి, చెనిక్కాయల పొడి అటూ ఇటూ ఒకటే. జొన్నచేలో సాళ్ల మధ్య కుసుమలు వేసేవాళ్లు కాబట్టి పొడుల మీద పోసుకునే కుసుమ నూనె కూడా ఒకటే.

రొట్టెను పొయ్యి మీంచి దింపినవి రెండు. తుంగభద్ర దిగువ కాలువ హాలహర్వి మండలం మీదుగా పారి కొన్ని ఊళ్లకు వరి నేర్పింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఈ రెండో దాన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. పొద్దున్నే లేచి అరచేతులు బొబ్బలెక్కేలా పది పన్నెండు రొట్టెలు తట్టి, ఆపైన చేనికి పోయే ఆడవాళ్లకు అన్నం ఎంత సుఖమో మగవాళ్లు రాసిన చరిత్రలో ఉండదు. ఎసట్లో బియ్యం పోస్తే అవే ఉడుకుతాయి. వీటికి తోడు పత్తీ మిరపా చెనిక్కాయా డబ్బులిచ్చే పంటలయ్యాయి. జొన్నచేలు కుదించుకుపోయాయి.

ఆ రోజుల్లోనే, మా చిన్నతనంలో, బళ్లారి రోడ్డు అంచున రేకుల కింద ఒక అవ్వ రొట్టెలు అమ్మడం మొదలుపెట్టింది. బోర్డు లేదు. ‘అవ్వంగడి’ అనేవాళ్లం. మొదట కొన్నది ఊరివాళ్లు కాదు. బస్సు దిగిన ఉద్యోగులు, లారీ డ్రైవర్లు, కాపురం ఇంకా పెట్టని పంతుళ్లు. ఊరివాళ్లు కొంటే గుసగుసలు. ‘వాళ్లింట్లో రొట్టెలు కొనుక్కున్యారంట’ అంటే ఆ ఇంటి కోడలికి పని రాదని అర్థం. అమ్మకు జ్వరమొస్తే నన్ను పంపేది. తువ్వాలు చంకలో దాచి తీసుకుపోయేవాణ్ణి.

ఆత్రపడితే అవ్వ కసిరేది. “కూకో అప్పా, ఇంగా కాలలేదు. పచ్చిది తింటావా?”

కూర్చుని చూసేవాణ్ణి. గోధుమపిండికి సాగే గుణం ఉంది. జొన్నపిండికి లేదు. అందుకే ఆమె మసిలే నీళ్లు పోసేది. ఆ వేడికి పిండి సగం ఉడికి పట్టు దొరుకుతుంది. చల్లారనివ్వకుండా అరచేతి అంచుతో మెదిపి, ముద్ద చేసి, పీట మీద పొడిపిండి జల్లి తట్టేది. ఒక చేయి తడుతుంటే రెండో చేయి అంచును కాపు కాస్తుంది, రొట్టె దానంతటదే గిర్రున తిరుగుతున్నట్టుంటుంది. తిరగడం ఆగిందా, పీటకు అంటుకుంటుంది. పెనం మీద వేసినాక పైముఖమంతా తడిగుడ్డతో తుడిచేది. ఆ తడి లేకపోతే పై పొర ముందే ఎండి నెర్రెలిస్తుంది. తడి ఆరీ ఆరకముందు తిప్పాలి. అది గడియారంతో తెలిసేది కాదు. చివర్న నిప్పుల కేసి నిలబెడితే లోపలి ఆవిరి రెండు పొరల్నీ విడదీసి రొట్టెను ఉబ్బిస్తుంది. పొంగిన రొట్టెను చూసుకుని ఆమె ఎప్పుడూ మురిసిపోలేదు. పొంగనిదాన్ని మాత్రం పక్కన పెట్టేది. అది తనకు. గిర్నీలో ఆడించిన పిండి నాలుగు రోజులు దాటితే పట్టు పోతుందని రోజు విడిచి రోజు ఆడించేది. ఇప్పుడు ప్యాకెట్ పిండితో కుస్తీపట్టే పట్నం పిల్లలకు ఈ ఒక్క ముక్క తెలిసినా సగం కష్టం తప్పుతుంది.

రొట్టె అమ్మి బతకడం ఆమెతో మొదలైంది కాదు. బళ్లారి దాటి పడమరకు పోతే హుబ్బళ్లి, ధారవాడల్లో ఖానావళులున్నాయి. ఊరు విడిచి చదువుకో పనికో వచ్చినవాళ్లకు రొట్టె, పల్యం పెట్టే పూటకూళ్లు. బొంబాయి బట్టల మిల్లుల పేటల్లో కార్మికులకు ఇలాగే ఆడవాళ్లు ఇళ్లలో వండి పెట్టేవాళ్లు. వడ్డీ వ్యాపారుల చేతుల్లో నలుగుతున్న ఆ వంటమనుషులను కూడగట్టి ప్రేమా పురవ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండలి పెట్టింది. అన్నిచోట్లా తీరు ఒక్కటే. మనిషి ఇల్లు కదిలినప్పుడు రొట్టె సరుకవుతుంది. హాలహర్విలో ఇల్లు కదలనివాళ్లూ కొన్నారు, రొట్టే ఇల్లు కదిలింది. అక్కడే మా అంగడి తేడా.

ఇప్పుడు గుసగుసలు లేవు. ఆదోని, ఎమ్మిగనూరు వీధుల్లో సాయంత్రమైతే పెనాల ముందు జనం నిలబడతారు. చక్కెర జబ్బొచ్చినవాళ్లు రాత్రిపూట అన్నం మానేసి రొట్టెకు మళ్లారు. రొట్టె మందు కాదు, దానిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. కాకపోతే పీచుంది, నమిలి తినాలి, రెండు తినేసరికి చాలనిపిస్తుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. జొన్న ధర ఎక్కి, బియ్యం తినేవాడు బీదవాడు, జొన్న తినేవాడు కలిగినవాడు అనే తమాషా వచ్చింది. చాలా అంగళ్లలో పిండి మన చేలది కాదు. మహారాష్ట్ర నుంచి మాల్దండి జొన్న మూటలొస్తాయి.

పెళ్లిళ్లకు రొట్టెలను వందల లెక్కన చెబుతున్నారు. తట్టే చేతులకే కొరత. వానలు మొహం చాటేసిన ఏడాది ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికో పత్తి తీయడానికో. రొట్టె తట్టడం వచ్చిన ఆడవాళ్లూ ఆ బండ్లలోనే పోతారు, అంగడి కూలి కన్నా కోత కూలి ఎక్కువ కాబట్టి. పోయేముందు రెండు రోజులు ఇంటింటా పొయ్యి ఆరదు. కరకరలాడేదాకా కాల్చి ఎండబెట్టిన రొట్టెలను గుడ్డలో కట్టి మూటల్లో పెడతారు. తడి తగలకపోతే అవి వారాల తరబడి నిలుస్తాయి. ఆ రొట్టెలను మాత్రం ఇప్పటికీ ఎవరూ అంగట్లో కొనరు.